కుదుపు భారం ఎవరి నెత్తిన? వర్ధమాన దేశాలు అనిశ్చితిని తట్టుకునే తీరు

సంక్షిప్తంగా: వర్ధమాన దేశాలకు కుదుపులు ఎక్కువ, ఆసరాలు తక్కువ. విదేశీ మారక నిల్వలు, పొదుపు నిధులు, నగదు బదిలీలు, అప్పుపత్రాల్లోని మినహాయింపులు, వలస కార్మికులు పంపే సొమ్ము వంటివేవీ అనిశ్చితిని పోగొట్టలేవు. దాని ఖర్చును ఎవరు, ఎప్పుడు భరించాలో మాత్రం తేలుస్తాయి. ప్రభుత్వం ముందుగా భరించని ఖర్చు కుటుంబాల మీదికి చేరుతుంది. అక్కడా సర్దుబాటు కాకపోతే వీధికెక్కుతుంది.

2022 ఏప్రిల్ 12న శ్రీలంక ప్రభుత్వం విదేశీ అప్పుల చెల్లింపును ఆపేస్తున్నట్టు ప్రకటించింది. వెంటనే వాడుకోదగిన విదేశీ మారకం 5 కోట్ల డాలర్లు కూడా లేదని మే మొదటి వారంలో ఆ దేశ ఆర్థిక మంత్రి పార్లమెంటుకు చెప్పారు. చమురు, మందులు, వంటగ్యాస్ బయటి నుంచి తెచ్చుకోవాల్సిన రెండు కోట్ల పైచిలుకు జనాభాకు ఆ సొమ్ము ఏ మూలకూ చాలదు. జులైలో జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయారు. అధ్యక్షుడు గోటబయ రాజపక్స దేశం దాటి వెళ్లి రాజీనామా పంపారు. సెప్టెంబరు నాటికి ధరలు ఏడాది కిందటితో పోలిస్తే దాదాపు 70 శాతం పెరిగాయి.

ఈ పతనానికి ఒక్క కారణం వెతికితే దొరకదు. 2019లో ఈస్టర్ నాటి బాంబు దాడులు పర్యాటకాన్ని దెబ్బతీశాయి. అదే ఏడాది చివర కొత్త ప్రభుత్వం వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి తగ్గించి తన ఖజానాకు తానే గండి కొట్టుకుంది. తర్వాత కొవిడ్ వచ్చింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించడంతో వరి, తేయాకు దిగుబడి పడిపోయింది. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలై చమురు ధర ఎగిసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. వీటిలో కొన్ని బయటి నుంచి వచ్చినవి, కొన్ని కొనితెచ్చుకున్నవి. ఏ ఒక్కటి విడిగా వచ్చినా ఆ దేశం తట్టుకునేదే. వరుసగా వచ్చేసరికి ప్రతి దెబ్బా తర్వాతి దెబ్బకు దారి చేసిపెట్టింది.

ఒక కుదుపు మరొకదాన్ని లాక్కొచ్చే తీరు

రాజకీయ, ఆర్థిక, సామాజిక అనిశ్చితులను వేర్వేరు అధ్యాయాలుగా చదవడం అలవాటైనా వర్ధమాన దేశాల్లో అవి విడివిడిగా ఉండవు. కారణం వాటి ఆర్థిక నిర్మాణంలోనే ఉంది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి విభాగం అంకుటాడ్ లెక్క ప్రకారం వర్ధమాన దేశాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ముడి సరకుల ఎగుమతి మీదే ఆధారపడి ఉన్నాయి. రాగి, చమురు, కోకో, వజ్రాలు ఏవైనా సరే, వాటి ధర నిర్ణయమయ్యేది ఆ దేశంలో కాదు. ధర పడితే ఎగుమతి ఆదాయం, పన్నుల రాబడి, కరెన్సీ విలువ ఒకేసారి పడతాయి. సరిగ్గా ఖర్చు పెంచాల్సిన సమయంలో ప్రభుత్వం చేతిలో డబ్బుండదు.

దీనికి విదేశీ అప్పు తోడవుతుంది. చాలా వర్ధమాన దేశాలు అంతర్జాతీయ మార్కెట్‌లో తమ సొంత కరెన్సీలో అప్పు పుట్టించుకోలేవు, డాలర్లలోనే తీసుకోవాలి. ఆర్థికవేత్తలు ఈ స్థితికి ‘ఆది పాపం’ అని పేరు పెట్టారు. లెక్క చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. డాలర్ 200 శ్రీలంక రూపాయలున్నప్పుడు 100 కోట్ల డాలర్ల అప్పు 20 వేల కోట్ల రూపాయలు. డాలర్ 360 రూపాయలకు చేరేసరికి అదే అప్పు 36 వేల కోట్లు. కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయకుండానే భారం 80 శాతం పెరిగింది. 2022లో రూపాయి కొద్ది వారాల్లోనే ఆ దూరం జారింది.

పైగా అప్పు ధరను, అంటే వడ్డీని, నిర్ణయించేది కూడా వేరే దేశం. 2022 మార్చిలో సున్నా దగ్గరున్న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు 2023 జులై నాటికి 5.25–5.5 శాతానికి చేరింది. అమెరికాలో ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయడానికి తీసుకున్న ఆ నిర్ణయంతో పెట్టుబడులు డాలర్ వైపు మళ్లాయి. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు తెచ్చుకునే దేశాలకు మార్కెట్ తలుపులు మూసుకుపోయాయి. ఘనా 2022 డిసెంబరులో విదేశీ అప్పుల్లో చాలావాటి చెల్లింపును ఆపేసింది. ఆ నెల అక్కడి ద్రవ్యోల్బణం 54 శాతం.

డాలర్ల మూట

1997 జులై 2న థాయిలాండ్ తన బాత్ విలువను డాలర్‌కు కట్టి ఉంచలేక వదిలేసింది. ఆ మంట నెలల్లోనే ఇండోనేషియా, మలేషియా, దక్షిణ కొరియాలకు పాకింది. ఇండోనేషియా ఆర్థిక వ్యవస్థ 1998లో సుమారు 13 శాతం కుంచించుకుపోయింది. అప్పిచ్చిన అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) షరతుల ప్రకారం ఇంధన ధరలు పెంచాక అల్లర్లు రేగాయి. మూడు దశాబ్దాలకు పైగా పాలించిన సుహార్తో మే 21న దిగిపోయారు. ఆ ప్రాంతం నేర్చుకున్న పాఠం ఏమిటంటే, ఇంకోసారి ఐఎంఎఫ్ గుమ్మం తొక్కే పరిస్థితి రాకూడదు. దాంతో ఆసియా దేశాలు డాలర్ నిల్వలు గుట్టగా పోగేయడం మొదలుపెట్టాయి. ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్ దేశాలు చైనా, జపాన్, దక్షిణ కొరియాలతో కలిసి 2000లో చియాంగ్ మై ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఒకరికి డాలర్లు కరవైతే మిగతావాళ్లు సర్దాలన్నది ఒప్పందం. విచిత్రమేమిటంటే, ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ వాడుకోలేదు. 2008లో డాలర్లకు ఇబ్బంది పడ్డ దక్షిణ కొరియా సైతం నేరుగా అమెరికా ఫెడరల్ రిజర్వ్‌తోనే కరెన్సీ మార్పిడి ఒప్పందం చేసుకుంది.

సొంత నిల్వలు మాత్రం పనికొచ్చాయి. కానీ అవి ఉచితం కాదు. నిల్వల్లో పెద్ద భాగాన్ని తక్కువ వడ్డీ వచ్చే అమెరికా ప్రభుత్వ బాండ్లలో పెడతారు. అదే దేశం బయట మార్కెట్‌లో ఎక్కువ వడ్డీకి అప్పు తెస్తుంది. ఈ తేడాయే బీమా ప్రీమియం. బడులకు, ఆసుపత్రులకు వెళ్లగలిగిన సొమ్ము ధనిక దేశపు ఖజానాకు చౌక అప్పుగా వెళ్తుంది. నిల్వలు దండగని దీని అర్థం కాదు. ఖర్చు ఏడాదికి ఇంత చొప్పున, ఎవరి కంటా పడకుండా ముందే చెల్లిపోతుందని మాత్రమే.

మంచి రోజుల్లో దాచిన చిలీ, బోట్స్వానా

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని అందరికీ తెలుసు. దీపం వెలుగుతున్నంతసేపు దాన్ని ఓటర్లకు నచ్చజెప్పడమే కష్టం. రాగి ఎగుమతుల మీద బతికే చిలీ 2001లో ఒక నియమం పెట్టుకుంది. బడ్జెట్‌ను ఆ ఏటి రాగి ధరను బట్టి కాక, దీర్ఘకాలంలో నిలిచే ధరను బట్టి వేయాలి. ఆ ధర ఎంతో ఆర్థిక మంత్రి చెప్పరు, స్వతంత్ర నిపుణుల సంఘం చెబుతుంది. ధర అంతకు మించితే మిగులు నిధిలోకి పోతుంది. రాగికి గిరాకీ ఉన్న 2006–08 కాలంలో డబ్బు కళ్లముందు పెట్టుకుని ఖర్చు చేయడం లేదంటూ జనం ఆర్థిక మంత్రి ఆండ్రెస్ వెలాస్కో మీద మండిపడ్డారు. ప్రపంచ సంక్షోభం వచ్చిన 2009లో ఆ నిధి నుంచే 400 కోట్ల డాలర్ల ఉద్దీపన ప్యాకేజీ వచ్చింది, పేద కుటుంబాలకు నగదు అందింది. అప్పటిదాకా పిసినారి అనిపించుకున్న మంత్రికి ఆదరణ పెరిగింది.

అయితే అదే చిలీలో 2019 అక్టోబరులో శాంటియాగో మెట్రో ఛార్జీ 30 పెసోలు పెరగ్గానే దేశమంతా భగ్గుమంది. ‘30 పెసోలు కాదు, 30 ఏళ్లు’ అన్నది నిరసనకారుల నినాదం. పింఛన్లు, వైద్యం, చదువుల ఖర్చులో పేరుకుపోయిన అసమానత వారి లెక్కలో ఉంది. రాగి ధర కుదుపును తట్టుకునేలా కట్టిన గోడ ఈ వైపు నుంచి వచ్చిన దెబ్బను ఆపలేకపోయింది. ఆర్థిక స్థిరత్వం ఉంటే సామాజిక స్థిరత్వం దానంతటదే వస్తుందన్న నమ్మకం ఇక్కడ తేలిపోయింది.

బోట్స్వానాది ఇంకో పరిమితి. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అది ప్రపంచంలోని నిరుపేద దేశాల్లో ఒకటి. మరుసటి ఏడాది వజ్రాలు దొరికాయి. ఆ ఆదాయాన్ని బడులు, రోడ్లలో పెట్టి, మిగిలినదాన్ని 1994లో ‘పూలా’ నిధిగా దాచింది. (పూలా అంటే వాన. కరువు దేశంలో ఆ మాటకు దీవెన అనీ అర్థం, కరెన్సీ పేరూ అదే.) మిగతా ప్రపంచానికి ఆదర్శంగా చూపిన ఆ దేశం ఇప్పుడు ప్రయోగశాలల్లో తయారయ్యే వజ్రాల పోటీతో తల్లడిల్లుతోంది. 2024 అక్టోబరు ఎన్నికల్లో స్వాతంత్ర్యం నుంచీ పాలిస్తున్న పార్టీ ఓడిపోయింది. పొదుపు నిధి తాత్కాలిక పతనానికి మందు. సరకుకే కాలం చెల్లుతుంటే అది కొంత గడువు ఇస్తుంది, అంతకు మించి ఇవ్వదు. ఆ గడువులో మరో జీవనాధారం వెతుక్కోవాలి. బోట్స్వానాలో ఆ పనే నెమ్మదిగా సాగింది.

ఇంధన సబ్సిడీ అనే పరీక్ష

ప్రభుత్వం మీద జనానికి ఎంత నమ్మకం ఉందో కొలిచే సాధనం ఏదైనా ఉందంటే అది పెట్రోలు ధర. సబ్సిడీ వల్ల ఎక్కువ లాభపడేది ఎక్కువ ఇంధనం కాల్చే సంపన్నులే. కనుక దాన్ని తీసేసి ఆ డబ్బు పేదలకిస్తే అందరికీ మేలని లెక్కలు చెబుతాయి. ఆ లెక్క తప్పు కాదు. కానీ సబ్సిడీ ఈరోజు కనిపిస్తోంది, రేపు ఇస్తామన్నది కనిపించడం లేదు. మాట నిలబెట్టుకోని చరిత్ర ఉన్న ప్రభుత్వం విషయంలో చేతిలో ఉన్నదాన్ని వదులుకోకపోవడమే జనానికి తెలివైన పని.

ఇరాన్ ఒక్కటే దీనికి రెండు పాఠాలు చెబుతుంది. 2010 డిసెంబరులో అక్కడ ఇంధన ధరలను కొన్ని రెట్లు పెంచారు. అంతకు ముందే ప్రతి కుటుంబం పేర ఖాతా తెరిపించి, మనిషికింత చొప్పున నగదు వేశారు. ధరలు పెరిగే రోజు దాకా అది కనిపిస్తుంది, తీసుకోవడానికి మాత్రం వీలుండదు. పెద్ద అలజడి లేకుండా సంస్కరణ నడిచింది. తర్వాతి ఏళ్లలో ద్రవ్యోల్బణం ఆ నగదు విలువను తినేసింది. 2019 నవంబరులో ఒక అర్ధరాత్రి, ముందుగా చెప్పకుండా పెట్రోలు ధరను కనీసం సగం పెంచారు. దేశమంతా నిరసనలు లేచాయి, అణచివేతలో వందల మంది చనిపోయారు. అదే దేశం, అదే సరకు. మొదటిసారి డబ్బు ముందొచ్చింది, రెండోసారి ధర ముందొచ్చింది.

నైజీరియాలో 2023 మే 29న అధ్యక్షుడు బోలా టినుబు ప్రమాణ స్వీకార ప్రసంగంలోనే ఇంధన సబ్సిడీ ఇక లేదని ప్రకటించారు. 200 నైరాల లోపున్న లీటరు పెట్రోలు రోజుల్లోనే 500 దాటింది. వెంటనే కరెన్సీనీ మార్కెట్‌కు వదిలేశారు. ఖజానా దృష్టితో చూస్తే రెండూ ఎప్పుడో చేయాల్సిన పనులే. కానీ పేదలకు ప్రత్యామ్నాయంగా ఇస్తామన్న నగదు నత్తనడకన కదిలింది. కెన్యాలోనైతే జనం సంస్కరణను మొదట్లోనే ఆపేశారు. అప్పుల భారంతో కొత్త పన్నులు వేసిన 2024 ఆర్థిక బిల్లుపై యువత వీధుల్లోకి వచ్చింది. జూన్ 25న పార్లమెంటు ప్రాంగణంలోకి చొచ్చుకెళ్లింది. మరునాడే అధ్యక్షుడు విలియం రూటో బిల్లును వెనక్కి తీసుకున్నారు. అప్పులవాళ్లకు ఇచ్చిన మాట, పౌరులకు ఇచ్చిన మాట ఒకదానికొకటి అడ్డొచ్చినప్పుడు ఏమవుతుందో అక్కడ ఒక్క రోజులో కనిపించింది.

నగదు చేరే దారి ముందే ఉండాలి

పేదల చేతికి డబ్బు చేర్చే యంత్రాంగాన్ని కష్టం వచ్చాక కట్టడం సాధ్యం కాదు. మెక్సికో 1997లో, బ్రెజిల్ 2003లో మొదలుపెట్టిన నగదు బదిలీ పథకాలు మామూలు రోజుల్లో పేదరికాన్ని తగ్గించడానికి ఉద్దేశించినవే. ఇథియోపియాలో 2005 నుంచి నడుస్తున్న ఆహార భద్రత పథకం ఏటా లక్షల మందికి పని కల్పించి ఆహారమో నగదో ఇస్తుంది. కరువు వచ్చిన ఏడాది కొత్తగా జాబితా రాయనక్కర్లేదు, ఉన్నదాన్ని పొడిగిస్తే చాలు.

టోగో ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆ చిన్న దేశం దగ్గర పేదల జాబితా లేదు. ఫిబ్రవరిలో జరిగిన అధ్యక్ష ఎన్నికల కోసం సవరించిన ఓటర్ల జాబితా ఉంది, అందులో ప్రతి ఒక్కరి వృత్తీ రాసి ఉంది. దాని ఆధారంగా అసంఘటిత కార్మికులను గుర్తించి, ఫోను ఖాతాలకే డబ్బు పంపారు. మహిళలకు కాస్త ఎక్కువ ఇచ్చారు. తర్వాత పల్లెల్లో నిరుపేదలను గుర్తించడానికి ఉపగ్రహ చిత్రాలు, ఫోను వాడకపు సమాచారం తోడు తెచ్చుకున్నారు. ఫోను లేనివాళ్లు దీనికి బయటే ఉండిపోయారన్నదీ నిజం.

బంగ్లాదేశ్ తుఫాన్లు

1970 నవంబరులో భోలా తుఫాను అప్పటి తూర్పు పాకిస్థాన్‌లో 3 నుంచి 5 లక్షల మందిని పొట్టనపెట్టుకుంది. పాకిస్థాన్ పాలకుల ఉదాసీనత మీద పెల్లుబికిన కోపం మరుసటి నెల ఎన్నికల్లో కనిపించింది, మరుసటి ఏడాది కొత్త దేశమే పుట్టింది. ప్రకృతి కుదుపు రాజకీయ కుదుపుగా మారడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు. 1991 తుఫానులో సుమారు 1,40,000 మంది చనిపోయారు. 2007లో సిద్ర్ వచ్చేనాటికి మృతులు మూడున్నర వేల లోపు. 2020 మేలో వచ్చిన అంఫాన్‌కు ముందు 20 లక్షలకు పైగా జనాన్ని తరలించారు, అదీ కొవిడ్ కాలంలో. బంగ్లాదేశ్‌లో మరణాలు పదుల్లోనే ఆగాయి.

తుఫాన్ల బలంలో తేడాలున్నా ఇంత మార్పును అవొక్కటే వివరించలేవు. తీరం వెంట వేల ఆశ్రయాలు కట్టారు. 1970ల మొదట్లో మొదలైన వలంటీర్ల దళంలో ఇప్పుడు 76 వేల మందికి పైగా ఉన్నారు, అందులో సగం మహిళలే. సైకిలు మీద తిరుగుతూ మైకులో హెచ్చరించేది, తలుపు కొట్టి లేపేది వీళ్లే. ఊళ్లో ముఖం తెలిసిన మనిషి చెబితే ఇల్లు వదిలి కదులుతారు, రేడియో చెబితే అందరూ కదలరు. అభివృద్ధి చెందడం దాకా ఆగకుండా, పేద దేశంగా ఉన్నప్పుడే చేయగలిగిన పని ఇది. ప్రాణనష్టం తగ్గినంతగా పంట నష్టం, ఇళ్ల నష్టం తగ్గలేదు. ప్రాణాలు దక్కినవాళ్లు మళ్లీ బతుకు కట్టుకోవడం వాళ్ల తిప్పలే.

కుటుంబమే బీమా సంస్థ

అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం ప్రపంచ కార్మికుల్లో దాదాపు 60 శాతం అసంఘటిత రంగంలోనే ఉన్నారు, వాళ్లలో అత్యధికులు వర్ధమాన దేశాలవాళ్లే. వీళ్లకు పింఛను, నిరుద్యోగ భృతి ఉండవు. చీటీల వంటి పొదుపు బృందాలు, బంధువుల చేబదుళ్లు, వలస వీళ్ల ఆసరా. పొదుపు బృందాలు పశ్చిమాఫ్రికాలో టాంటీన్ పేరుతో, దక్షిణాఫ్రికాలో స్టాక్‌వెల్ పేరుతో తరాలుగా నడుస్తున్నాయి. ఒక ఇంట్లో జబ్బు చేసినప్పుడు ఇవి అక్కరకొస్తాయి. ఊరంతా ఒకేసారి మునిగితే అప్పిచ్చేవాళ్లే ఉండరు.

అందుకే పరాయి దేశంలో ఒక కుటుంబ సభ్యుడు ఉండటం బలమైన బీమా అవుతుంది. తక్కువ, మధ్య ఆదాయ దేశాలకు 2023లో వలస కార్మికుల నుంచి అందిన సొమ్ము సుమారు 65 వేల కోట్ల డాలర్లు, విదేశీ ప్రత్యక్ష పెట్టుబడుల కంటే ఎక్కువ. 2020 ఏప్రిల్‌లో ఈ సొమ్ము 20 శాతం దాకా పడిపోతుందని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. నిజంగా తగ్గింది 2 శాతం లోపే. పెట్టుబడిదారుడు కష్టం చూసి పారిపోతాడు, కొడుకు కష్టం చూసి ఇంకో నూరు పంపుతాడు.

ఈ బీమాకూ ప్రీమియం ఉంది, అది ఏ గణాంకాల్లోనూ కనిపించదు. వాన నమ్మకం లేని చోట రైతు ఎక్కువ దిగుబడి వంగడాన్ని వదిలి, తక్కువ పండినా ఎండను తట్టుకునేదే విత్తుతాడు. ఏ ఏడాదీ పూర్తిగా మునగడు, ఏ ఏడాదీ పైకి రాడు. చివరి అస్త్రాలు ఇంకా ఖరీదైనవి: ఎద్దును అమ్మడం, భోజనం ఒక పూటకు తగ్గించడం, ఆడపిల్లను బడి మాన్పించడం. ధరలు దిగొచ్చి, జీడీపీ కోలుకున్నా ఆ పిల్ల మళ్లీ తరగతిలోకి రాదు. సంక్షోభం ముగిసిందని ప్రకటించే తేదీకీ, కుటుంబాల్లో అది ముగిసే తేదీకీ మధ్య ఒక తరం దూరం ఉండవచ్చు.

అప్పిచ్చినవారి వాటా

ఇప్పటిదాకా చెప్పిన భారమంతా అప్పు తీసుకున్న దేశం లోపలే పంచుకున్నది. అప్పిచ్చినవాళ్లు అధిక వడ్డీ వసూలు చేసేది నష్టభయం పేరిటే. ఆ నష్టం నిజంగా వచ్చినప్పుడు వాళ్లు తమ వాటా భరించడానికి ఎంతకాలం పడుతుందన్నది జాంబియా చూపించింది. 2020 నవంబరులో ఆ దేశం చెల్లింపు ఆపేసింది. అదే నెల జీ20 దేశాలు అప్పుల సర్దుబాటుకు ఉమ్మడి విధానం ప్రకటించాయి. పశ్చిమ దేశాలు, చైనా, ప్రైవేటు బాండ్ల యజమానులు ఒకరు ముందు తగ్గితేనే తాము తగ్గుతామని కూర్చోవడంతో ప్రభుత్వాలతో ఒప్పందానికి 2023 జూన్ దాకా, బాండ్ల యజమానులతో సర్దుబాటుకు 2024 దాకా పట్టింది. ఆ మూడున్నరేళ్లూ పెట్టుబడులు, కొత్త రుణాలు గాలిలో ఉన్నాయి.

కుదుపు వచ్చాక బేరమాడటం కంటే, ముందే పత్రంలో రాసుకోవడం మేలన్న ఆలోచన చిన్న ద్వీప దేశాల నుంచి వచ్చింది. గ్రెనడా 2015లో అప్పులు పునర్వ్యవస్థీకరించుకుంటూ తుఫాను నిబంధన పెట్టించింది. పెద్ద తుఫాను తాకితే చెల్లింపులు కొంతకాలం వాయిదా వేసుకోవచ్చు. 2024 జులైలో బెరిల్ తుఫాను ఆ దేశపు కారియాకూ ద్వీపాన్ని నేలమట్టం చేశాక దాన్ని వాడుకుంది. ఇది మాఫీ కాదు, వాయిదా మాత్రమే. కానీ ఇళ్లు ఎగిరిపోయిన కష్టకాలంలో డాలర్లు బయటికి పోకుండా ఆగాయి.

తుఫాను నష్టాన్ని మూడో పక్షం లెక్కగట్టగలదు కనుక ఆ నిబంధనకు అప్పిచ్చేవాళ్లు ఒప్పుకున్నారు. ఆర్థిక మందగమనానికి అంత స్పష్టమైన కొలత లేదు, ప్రభుత్వాలు లెక్కలు మారుస్తాయన్న అనుమానమూ ఉంటుంది. అయినా 2024 డిసెంబరులో శ్రీలంక పాత బాండ్లకు బదులిచ్చిన కొత్త బాండ్లలో కొన్నింటిని జీడీపీకి ముడిపెట్టారు. 2025–27 మధ్య డాలర్లలో లెక్కించిన సగటు జీడీపీ అనుకున్నదాని కంటే పెరిగితే ఆ దేశం 2028 నుంచి ఎక్కువ కట్టాలి, పడిపోతే తక్కువ కడుతుంది.